పదహారు గంటలు వెలిగే లైటుకు వైరింగు

హైదరాబాదులో ఇంటి లోపల ఆకుకూరలు, మైక్రోగ్రీన్స్ పెంచుతున్నవాళ్లు కలుసుకున్న సందర్భంలో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేసిన ప్రసంగం ఇది.

నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

మీలో మైక్రోగ్రీన్స్ వేసేవాళ్లున్నారు, లెట్యూస్ పెంచేవాళ్లున్నారు, ఒకరిద్దరు గదిలో కుంకుమపువ్వు కూడా మొదలుపెట్టారని విన్నాను. మొక్కల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. నా పని వైర్లు, కాబట్టి వైర్ల గురించే మాట్లాడతాను. మొక్కలకు ఎండకు బదులు వేసే గ్రో లైట్లు అనగానే ఇంకేదో మొక్క గుర్తొచ్చి ముసిముసిగా నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దాని కోసం 1985లోనే మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, వచ్చింది. ఆ గదికి నేను వైరింగు చెయ్యను.

ముందు ఒక సంగతి గమనించండి. మన ఇంట్లో గీజరు రెండు వేల వాట్లు లాగుతుంది. కానీ ఎంతసేపు? పావుగంట. మిక్సీ అయిదు నిమిషాలు. ఇస్త్రీ పెట్టె అరగంట, అదీ మధ్యమధ్యలో దానంతట అదే ఆగుతూ. ఇళ్ల వైరింగు ఈ అలవాటుకు తగ్గట్టే నడిచిపోతోంది. ఎక్కడో ఒక స్క్రూ వదులుగా ఉన్నా, ఒక జాయింటు సరిగా లేకపోయినా, అది బాగా వేడెక్కేలోపే మనం స్విచ్ కట్టేస్తాం. లోపం అక్కడే ఉంటుంది, బయటపడదు. మీ లైటు అలా కాదు. పొద్దున ఆరింటికి వెలిగితే రాత్రి పది దాకా వెలుగుతూనే ఉంటుంది, ఆదివారం లేదు, పండగ లేదు. గీజరు కన్నా తక్కువ కరెంటే లాగవచ్చు, కానీ వైరుకు చల్లబడే వ్యవధి ఇవ్వదు. నేను ఇవాళ చెప్పేదంతా ఈ గంటల చుట్టూనే తిరుగుతుంది.

ఒక గది లెక్క వేద్దాం. పది బై పన్నెండు గది. నాలుగు ర్యాకులు, ర్యాకుకు నాలుగు అరలు, ఒక్కో అరకు నలభై వాట్ల ఎల్‌ఈడీ బార్లు రెండు. మొత్తం 32 బార్లు, 1280 వాట్లు. మన దగ్గర సింగిల్ ఫేజ్ 230 వోల్టులు. పవర్ ఫ్యాక్టర్, అంటే వైర్లో పారే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 0.9 ఉంటే ఆరు ఆంపియర్ల పైచిలుకు కరెంటు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ బారుకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవరు ఉంటుంది, చవక డ్రైవర్లలో పవర్ ఫ్యాక్టర్ 0.5 దాకా పడిపోతుంది. అప్పుడు అవే 1280 వాట్లకు వైర్లో పారేది పదకొండు ఆంపియర్లు. వాట్లు రాసి పవర్ ఫ్యాక్టర్ రాయని బారును ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

అక్కడితో అయిపోలేదు. లైటు మింగిన కరెంటులో మొక్క తనలో దాచుకునేది చాలా కొంచెం, మిగతాదంతా చివరికి గదిలో వేడిగానే మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గదిలో అయితే టన్నున్నర ఏసీ తప్పదు, అదొక ఏడెనిమిది ఆంపియర్లు. దాని మీద డీహ్యుమిడిఫైయర్, ఫ్యాన్లు, పంపు. మంచి డ్రైవర్లు వాడినా ఒక్క బెడ్‌రూములో పదిహేను, పదహారు ఆంపియర్లకు చేరాం. బిల్డరు ఆ బెడ్‌రూముకు ఇచ్చిందేమిటి? ఏసీకి ఒక పాయింటు. మిగతా లైట్లు, ఫ్యాను, మంచం పక్కన ప్లగ్గు, అన్నీ కలిపి చాలా చోట్ల ఒకే సర్క్యూటు, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఆ మంచం పక్క ప్లగ్గుకు స్పైక్ బస్టర్ పెట్టి, దానికి ఇంకో స్పైక్ బస్టర్ తగిలించి ర్యాకులు నడిపేవాళ్లు నాకు తరచూ కనిపిస్తుంటారు.

బిల్లు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1280 వాట్లు పదహారు గంటలంటే రోజుకు ఇరవై యూనిట్లు, నెలకు ఆరు వందలు, ఒక్క లైట్లకే. మీ స్లాబు ఎక్కడికి ఎక్కుతుందో మీరే చూసుకోండి. బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లో రాసి ఉంటుంది. దాన్ని దాటుతున్నట్టైతే మన కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోండి. పంట అమ్ముతున్నారంటే ఇంటి కేటగిరీ మీద నడపడం కుదరదు, అదీ వాళ్లనే అడిగి తేల్చుకోండి. ఇందులో దొంగచాటు వద్దు, ఎందుకంటే ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది ఇదే.

ఇప్పుడు యూట్యూబ్ సంగతికి వద్దాం. మీలో చాలామంది అమెరికా వాళ్ల వీడియోలు చూసి వచ్చారు. వాళ్లు లైట్లను హై వోల్టేజి మీద నడపండి, 120 వద్దు, 240 పెట్టుకోండి అంటారు. వాళ్లకు అది సరైన సలహాయే. వెయ్యి వాట్ల లైటు 120 వోల్టుల మీద ఎనిమిది ఆంపియర్ల పైన లాగుతుంది, 240 మీద నాలుగు చాలు. కరెంటు సగమైతే అదే వైర్లో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. మనకు ఆ ఎంపికే లేదు, గోడ ప్లగ్గులో వచ్చేదే 230. వాళ్లు ఖర్చు పెట్టి తెచ్చుకునేది మనకు పుట్టుకతోనే ఉంది.

ప్రమాదం ఎక్కడంటే, ఆ వీడియో చూసి అదే రంగు వైర్లు కలపడంలో. అమెరికా ఇళ్లలో నల్ల వైరు ఫేజు, తెల్లది న్యూట్రల్. మన దగ్గర నల్లది న్యూట్రల్. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, ఆకుపచ్చ ఎర్తు. చైనా నుంచి వచ్చే లైటు కార్డులో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్తు. అంటే లైటు కార్డులో నీలం న్యూట్రల్, అదే మీ త్రీ ఫేజ్ బోర్డులో నీలం ఫేజు. నీలానికి నీలం కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రంగును నమ్మకండి. మీటరు పెట్టి చూశాకే కలపమనండి. ఇంకొకటి, వాళ్ల 240లో రెండు వైర్లూ ఫేజులే, మనకు ఒకటే ఫేజు. వాళ్ల బోర్డు బొమ్మ మన బోర్డుకు పనికిరాదు.

లైటు వెనక లేబుల్ తప్పకుండా చదవండి. 100 నుంచి 277 వోల్టులు అని ఉంటే మన కరెంటుకు నిశ్చింతగా సరిపోతుంది, ప్లగ్గు మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ పెట్టిన క్షణమే పోతుంది. మీ అల్లుడు అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చినదైనా సరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ప్లగ్గు చూడండి. చేతులు మారనివ్వండి, అందరూ చూడండి. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు నుంచి తెచ్చాను, ఆ ఇంటివాళ్లు ఎవరో చెప్పను. పదహారు ఆంపియర్ల ప్లగ్గు, ఐఎస్ఐ గుర్తు ఉంది, సరుకు మంచిదే. ఫేజు పిన్ను దగ్గర చూడండి. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగింది, పిన్ను చుట్టూ ఉంగరంలా ఉబ్బింది. న్యూట్రల్ పిన్ను ఇత్తడి మెరుస్తూ కొత్తగా ఉంది, ఫేజు పిన్ను మాత్రం నల్లబడి, గోకితే పొడి రాలుతోంది. మూత విప్పి చూస్తే, వైరులోని సన్నని తీగల్లో సగమే స్క్రూ కింద ఉన్నాయి, సగం పక్కకు జారిపోయాయి. స్క్రూ ఎవరూ గట్టిగా తిప్పలేదు. ఇదే ప్లగ్గు గీజరుకు వాడి ఉంటే పదేళ్లు పనిచేసేదేమో. గ్రో లైట్లకు ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు.

ఎందుకిలా అవుతుందో లెక్క చెబుతాను. వదులైన ఆ జాయింటు దగ్గర నిరోధం ఓంలో పదోవంతు అనుకోండి. చాలా చిన్న సంఖ్య, మామూలు మల్టీమీటరులో సరిగా కనబడదు కూడా. దాని గుండా పన్నెండు ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి, పన్నెండు ఇంటూ పన్నెండు ఇంటూ 0.1, పద్నాలుగు వాట్ల పైన. చిన్న సోల్డరింగ్ ఐరన్ ఇరవై అయిదు వాట్లు. అంటే సగం సోల్డరింగ్ ఐరన్‌ను మీ ప్లగ్గులో పెట్టి, మూత బిగించి, పదహారు గంటలు వదిలేసినట్టు. వేడికి ఇత్తడి మీద తుప్పులాంటి పొర పడుతుంది, ఆ పొరతో నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. రాత్రి లైటు ఆరితే లోహం చల్లబడి కుదించుకుంటుంది, పొద్దున మళ్లీ వ్యాకోచిస్తుంది. రోజూ ఇదే వరస, స్క్రూ ఇంకాస్త వదులవుతుంది.

బోర్డులో ఎంసీబీ ఉంది కదా, కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయి లైను ఆపే స్విచ్, అది పడుతుంది కదా అంటారు. పడదు. ఎంసీబీకి తెలిసింది కరెంటు ఎంత పారుతోంది అన్నదొక్కటే. ఇక్కడ పారుతున్నది పన్నెండు ఆంపియర్లు, అది దాని లెక్కలో మామూలే. కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ కూడా పడదు, ఎందుకంటే ఫేజులో ఎంత వెళ్తోందో న్యూట్రల్లో అంతే తిరిగి వస్తోంది, ఎక్కడా లీకు లేదు. వదులు జాయింటును పట్టుకునే పరికరం మీ ఇంటి బోర్డులో ఏదీ లేదు. పట్టుకోవాల్సింది మీ ముక్కు, మీ చెయ్యి. స్విచ్చులు, ప్లగ్గుల ప్లాస్టిక్ వేడెక్కితే చేపల కంపులాంటి వాసన వస్తుంది. శాకాహారుల ఇంట్లో చేపల వాసన వచ్చిందంటే వంటింటి వైపు కాదు, మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తండి.

చేతితో పట్టుకునే పరారుణ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ను పనికిరాదు, అది ఒంటి వేడి వరకే చూపిస్తుంది. పనివాళ్లు వాడే రకం కోఠి ట్రూప్ బజారులో అడగండి, దొరుకుతుంది. లైట్లన్నీ వెలిగించి మూడు గంటలు ఆగాక ప్రతి ప్లగ్గు, ప్రతి సాకెట్, బోర్డులో ప్రతి ఎంసీబీ దగ్గర చూడండి. మెరిసే లోహం మీద పెడితే తప్పు చూపిస్తుంది, ప్లాస్టిక్ మీద పెట్టండి. ఒకే లోడు మోస్తున్న నాలుగు ప్లగ్గుల్లో మూడు నలభై డిగ్రీలు, ఒకటి యాభై అయిదు చూపిస్తే ఆ ఒక్కదాన్ని విప్పించండి. మొదటి నెల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి మెయిన్ ఆపి స్క్రూలన్నీ బిగించాలి. అందరూ వాయిదా వేసే పని ఇదే.

మరి వైరింగు ఎలా చేయించాలి? గదికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. ఉన్న సాకెట్ల నుంచి తీసుకోవడం వద్దు. గోడల్లో పాత జాయింట్లు ఎక్కడున్నాయో, ఏ మెలి తిప్పి ఏ టేపు చుట్టారో దేవుడికే తెలియాలి. పాత ఇళ్లలో అల్యూమినియం వైరుకు రాగి వైరు మెలిపెట్టి ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. ఇందాక చెప్పిన గదిలో లైట్లకు నా ఎంపిక రెండు సర్క్యూట్లు, ఒక్కోదానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పదహారు ఆంపియర్ల ఎంసీబీ. ఏసీకి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్లు. రెండు సర్క్యూట్లు ఎందుకండీ, ఆరు ఆంపియర్లకు ఒకటి చాలదా అంటారు. చాలుతుంది. కానీ గంటల తరబడి నడిచే లోడును ఎంసీబీ రేటింగులో ఎనభై శాతం దాటనివ్వకూడదు, నేనైతే సగం దగ్గరే ఆపుతాను. రేపు మీరు ఇంకో రెండు ర్యాకులు కొంటారు, నాకు తెలుసు. పైగా వైరు మోయగల కరెంటును నలభై డిగ్రీల వాతావరణానికి లెక్కగట్టి ఇస్తారు. మే నెలలో స్లాబు కింద, ఒకే పైపులో ఆరు వైర్లు దూరి ఉంటే, ఆ లెక్క అంత రాదు. పీవీసీ వైరులో రాగి డెబ్బై డిగ్రీలు దాటకూడదు.

ఎంసీబీ ఉన్నది మీ లైటును కాపాడటానికి కాదు, గోడలో వైరును కాపాడటానికి. ఇది బుర్రలో పెట్టుకోండి. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని పిలిస్తే వచ్చిన కుర్రాడు పదహారు పీకేసి ముప్పై రెండు పెట్టి, "ఏం గాదు సార్, నడుస్తది" అని వెళ్లిపోతాడు. నడుస్తుంది, నిజమే. ఇక ఆ వైరు ఎర్రగా కాలేదాకా ఎంసీబీ పడదు. మంచి ఎంసీబీ అయినా రేటింగు దాటగానే పడిపోదు. పదహారుది పద్దెనిమిది ఆంపియర్లను గంట దాటినా మోస్తుంది, ఇరవై మూడు ఆంపియర్ల దగ్గర గంటలోపు ఎప్పుడైనా పడవచ్చు. ఆ తీరు స్టాండర్డులోనే ఉంది, లోపం కాదు. అందుకే వైరుకు తగ్గ ఎంసీబీ ఉండాలి, లోడుకు తగ్గట్టు పెంచుకుంటూ పోయేది కాదు.

లైట్లన్నీ ఒకేసారి వెలిగేటప్పుడు మాత్రం ఎంసీబీ పడితే అది వేరే కథ. ఎల్‌ఈడీ డ్రైవరు లోపల కెపాసిటరు ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలో అది మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటును ఒక్క గుటకలో లాగుతుంది. 32 బార్లు కలిసి లాగితే బి రకం ఎంసీబీ తట్టుకోలేదు. అలాంటి గుటకను తట్టుకునే సి రకం పెట్టించండి, లైట్లను రెండు మూడు గుంపులుగా కొన్ని సెకన్ల తేడాతో వెలిగించండి. ఈ కరెంటే టైమర్లనూ తినేస్తుంది. ఆన్‌లైన్లో దొరికే ప్లగ్గు టైమరు మీద పదహారు ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది హీటరు లాంటి లోడుకు చెప్పిన లెక్క. ఎల్‌ఈడీ లోడుతో కొన్ని నెలలకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు లైటు రాత్రంతా ఆరదు, ఎందుకు ఆరలేదో మీకు అర్థం కాదు, మొక్కలు ముందే పూతకొస్తాయి. కాంటాక్టరు అంటే కాయిలుతో పనిచేసే పెద్ద స్విచ్. టైమరుతో దాని కాయిలును మాత్రమే నడిపించి, లైట్ల లోడంతా కాంటాక్టరు మీద వెయ్యండి. కాంటాక్టరు టక్కుమని చప్పుడు చేస్తుంది, బెడ్‌రూము పక్కన అయితే ఇంట్లో వాళ్లు తిడతారు, కాస్త దూరంగా పెట్టించుకోండి.

బార్లను ఒకదానికొకటి గొలుసులా తగిలించుకునే వీలుంటుంది కదా. మొదటి బారు కార్డు సన్నగా ఉంటుంది, గొలుసులో అందరి కరెంటూ దాని మీదుగానే పోతుంది. ఎన్ని వరకు తగిలించవచ్చో లేబుల్ మీద ఉంటుంది, ఆ సంఖ్య దాటవద్దు.

ఇక ఎర్తింగు. దీని గురించి హైదరాబాదులో ఇంకాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మన ఊరు రాతి మీద కూర్చుంది. కోస్తా వైపు తడి నేలలో ఎర్తు గుంత తేలిగ్గా పనిచేస్తుంది. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే గ్రానైటు. బొగ్గు, ఉప్పు వేసి గుంత కడతారు, వర్షాకాలంలో బాగానే ఉంటుంది, ఎండాకాలానికి ఎండిపోతుంది. అపార్టుమెంటు కట్టినప్పుడు వేసిన గుంత మీద తర్వాత టైల్సు పరిచేసిన చోట్లు బోలెడు.

ఎర్తు బాగుంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది? మీ ర్యాకు ఇనుపది. ఒక బారు కార్డు ఒరుసుకుపోయి ఫేజు వైరు ర్యాకును తాకింది అనుకోండి. ఎర్తు నిరోధం అయిదు ఓంలైతే 230ని అయిదుతో భాగించండి, 46 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. పదహారు ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం ఎనభై కావాలి, కాబట్టి అది కొన్ని సెకన్లు తాత్సారం చేసి అప్పుడు పడుతుంది. అదే ఎర్తు నిరోధం ఇరవై ఓంలైతే? పోయేది పదకొండు, పన్నెండు ఆంపియర్లు. అది ఎంసీబీకి మామూలు లోడే. ఎప్పటికీ పడదు. మీ ర్యాకు మీద ప్రాణం తీసేంత వోల్టేజి నిలబడి ఉంటుంది, మీరు ట్రే తీయడానికి చెయ్యి పెడతారు.

అందుకే ముప్పై మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా నేను గ్రో రూముకు లైను ఇవ్వను. వంద, మూడు వందల మిల్లీయాంపియర్లవి ఇంటి మెయిన్‌లో నిప్పు ప్రమాదం కోసం పెట్టేవి, మనిషిని కాపాడేది ముప్పైదే. ముప్పై లీకైతే సెకనులో మూడో వంతులోపు, లీకు ఇంకా పెద్దదైతే మరింత త్వరగా లైను తెంచేస్తుంది. తడి చేతులతో ఉన్న మనిషి శరీర నిరోధం వెయ్యి ఓంలు అనుకుంటే 230 మిల్లీయాంపియర్లు గుండె మీదుగా పోతాయి. ఎల్‌ఈడీ డ్రైవర్లున్న చోట 'A' రకం ఆర్‌సీసీబీ అడగండి, 'AC' రకం కన్నా మేలు. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం ఏ ఆర్‌సీసీబీ కాపాడదు, దానికి మీరు కూడా ఒక లైటులాగే కనిపిస్తారు.

ఇక్కడో చిక్కుంది. ఎర్తు పిన్ను ఉన్న ప్రతి డ్రైవరూ ఏ లోపం లేకపోయినా కొద్దిగా కరెంటును ఎర్తుకు వదులుతుంది. ఒక్కోటి అర మిల్లీయాంపియరు అనుకుంటే 32 బార్లకు పదహారు. ముప్పై ఆర్‌సీసీబీ పదిహేనుకూ ముప్పైకీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. కాబట్టి అన్నీ ఒకదాని మీదే పెడితే కారణం లేకుండా పడుతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ "ఇది ఖరాబైంది" అని దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేస్తాడు. అలా తప్పించిన ఆర్‌సీసీబీలు బోర్డులో అలంకారంగా ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. మార్గం సులభం, రెండు ర్యాకులకొకటి చొప్పున పెట్టించండి. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకదాన్లోనే ఉండే ఆర్‌సీబీఓ దొరుకుతుంది, చోటు కలిసొస్తుంది. ఒక ర్యాకులో లోపం వస్తే మిగతా పంట చీకట్లో పడదు. నెలకోసారి టెస్టు బటన్ నొక్కండి. నొక్కితే పడకపోతే అది అక్కడ ఉన్నా లేనట్టే.

నీళ్ల దగ్గర మీకు తెలిసిన సంగతినే గుర్తు చేస్తాను. మీరు ఈసీ మీటరు ముంచి చూస్తారు కదా, అది కొలిచేది ఆ నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదే. అంటే మీ పోషక ద్రావణం మామూలు నల్లా నీళ్ల కన్నా కరెంటుకు మంచి దారి. డ్రైవర్లు, ప్లగ్గులు ఎప్పుడూ ట్యాంకు కన్నా పైన ఉండాలి. కార్డును సాకెట్‌కు తిన్నగా పై నుంచి దించవద్దు. సాకెట్ కన్నా కిందికి ఒక వంపు దించి, అక్కడి నుంచి పైకి తీసుకెళ్లి గుచ్చండి. కార్డు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. పైసా ఖర్చు లేని పని, అయినా పది గదుల్లో తొమ్మిదింటిలో ఉండదు. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు పంపు ప్లగ్గు పీకండి. స్విచ్ కట్టడం కాదు, పీకండి. పాత ఇళ్లలో స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌కు ఉండటం మామూలే.

సెకండ్ హ్యాండులో సోడియం లైట్లు దొరుకుతున్నాయని కొందరు అడిగారు. వద్దు. వెలిగించేటప్పుడు ఇగ్నైటరు వేల వోల్టుల దెబ్బ ఇస్తుంది, ఆపాక కూడా బ్యాలస్టు కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది, వేడి బల్బు మీద నీటిచుక్క పడితే పగులుతుంది. ఎల్‌ఈడీ అయినా అంత సాధువేం కాదు. పెద్ద ఎల్‌ఈడీ బోర్డుల డ్రైవర్లలో కొన్ని వంద వోల్టులకు పైగా డీసీ ఇస్తాయి. మన ఏసీ కరెంటు అయితే సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, రవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ సాగుతుంది. లైటు వెలుగుతుండగా డ్రైవరుకూ బోర్డుకూ మధ్య కనెక్టరు లాగవద్దు.

త్రీ ఫేజ్ ఉన్నవాళ్లు లైట్లను మూడు ఫేజుల మీదా పంచుకోండి. న్యూట్రల్ వైరును మాత్రం ఫేజు కన్నా సన్నగా వేయనివ్వకండి. చవక డ్రైవర్ల వల్ల న్యూట్రల్లో అనుకున్న దానికన్నా ఎక్కువే పారుతుంది. ఆ న్యూట్రల్ తెగిందంటే ఒక ఫేజు మీద వోల్టేజి పడిపోయి ఇంకోదాని మీద 230 దాటి 400 వైపు పోతుంది, నిమిషంలో బార్లు వరసగా పోతాయి. న్యూట్రల్‌కు ఫ్యూజు ఎవరు పెట్టినా తీయించెయ్యండి.

ఈ పనులన్నీ లైసెన్సు ఉన్నవాళ్లతో చేయించండి. నేను ఇదంతా చెప్పింది మీరు స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి కాదు, వచ్చినవాణ్ణి ఏం అడగాలో తెలియడానికి. ఇప్పుడు అడగండి.

అద్దె ఇల్లు, ఓనరు గోడ పగలగొట్టనివ్వరు అంటున్నారా అన్నా? పగలగొట్టక్కర్లేదు. మీటరు బోర్డు నుంచి గోడ మీదుగా పీవీసీ కేసింగులో లైను తీసుకురావచ్చు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవచ్చు. గదిలో చిన్న డిస్ట్రిబ్యూషన్ బాక్సు పెట్టి అందులోనే ఆర్‌సీబీఓలు బిగిస్తారు. దానికీ ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో ఒక ర్యాకు వరకే ఆగండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మంచి కంపెనీది కొంటే? అమ్మా, కంపెనీ కాదు, వైరు మందం చూడండి. ఆరు ఆంపియర్ల బాక్సుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల కార్డు ఉంటుంది. అది ఫోను చార్జరుకు, ల్యాప్‌టాప్‌కు. ర్యాకుకు కావాలంటే 1.5 కార్డుతో, పదహారు ఆంపియర్ల సాకెట్‌తో ఒక బాక్సు చేయించుకోండి. కార్డును చుట్ట చుట్టి పెట్టకండి, చుట్టలో వేడి బయటికి పోదు.

చివరిది, ఇన్వర్టరు మీద లైట్లు పెట్టొచ్చా అని. పెట్టొద్దు. గంటసేపు చీకటైతే మొక్క చావదు, గంటసేపు నీళ్లు ఆగితే వేర్లు గాలిలో వేలాడే పద్ధతిలో చచ్చిపోవచ్చు. పంపును, ఎయిర్ పంపును మాత్రమే ఇన్వర్టరు మీద వెయ్యండి, అవి వంద వాట్లు కూడా ఉండవు. అయితే ఒక జాగ్రత్త. గదిలో ఇన్వర్టరు లైను ఉందంటే మెయిన్ ఆపినా ఆ వైర్లో 230 ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఆ మాట మీరే ముందు చెప్పాలి, అతనికి తెలియదు. ఇన్వర్టరు ఆపించి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు పీకించి, టెస్టరు వెలగలేదని ఊరుకోకుండా మీటరు పెట్టి సున్నా చూశాకే వైరు మీద చెయ్యి వెయ్యమనండి. బోర్డు తలుపు లోపల ఒక కాగితం అంటించండి: ఏ ఎంసీబీ ఏ ర్యాకుకు, ఇన్వర్టరు మీద ఏమున్నాయి. తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ బోర్డు తలుపు తీసేది మీ అమ్మో, వాచ్‌మనో అయి ఉంటారు.